ఎం.ఎస్. నరాల నొప్పికి గంజాయి నుంచి తీసిన మందు: మన దగ్గర అనుమతించాలా?

సైనిక్‌పురి వాణి:
నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.), అంటే మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే జబ్బు. కాళ్ల బిగుతుకు బాక్లోఫెన్, నరాల మంటకు ప్రీగాబలిన్, రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకుంటాను. అయినా చీకటి పడేసరికి పాదానికి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేను. ఎండాకాలమైతే చెప్పనక్కరలేదు, ఒళ్లు వేడెక్కితే లక్షణాలన్నీ ఒక్కసారిగా పెరుగుతాయి. సాటివెక్స్ అనే నోటి స్ప్రే గురించి చదివాను. ఒక్కసారి నొక్కితే గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 2.7, మత్తునివ్వని సీబీడీ 2.5 మిల్లీగ్రాములు వస్తాయి. కెనడా 2005లో దీన్ని షరతులతో అనుమతించిందే ఎం.ఎస్. నరాల నొప్పికి. నా డాక్టర్ రాయగలిగిన మందుల్లో అది లేదు. ఎందుకు ఉండకూడదు?

మల్కాజిగిరి రాఘవ:
గంజాయి ఏ రూపంలో వచ్చినా గంజాయే. మా తమ్ముడు ఇంటర్ రోజుల్లో మొదలుపెట్టాడు. చదువు పోయింది, తర్వాత మతి చలించింది. ఆ సరుకును అరికట్టడానికి మన రాష్ట్రం ఈగల్ అని ప్రత్యేక దళాన్నే పెట్టుకుంది. మనమేమో మందు పేరు చెప్పి తలుపులు తెరుద్దామా?

ఉప్పల్ పాఠకుడు:
ఆవిడ అడిగింది నొప్పి గురించి. దానికి జవాబు చెప్పండి.

మందుల షాపు మూర్తి:
నేను చెబుతాను. 2005లో 66 మంది ఎం.ఎస్. రోగులపై జరిగిన పరీక్షలో ఈ స్ప్రేతో నొప్పి తగ్గింది, నిద్ర మెరుగుపడింది. 2013లో వెలువడిన పెద్ద పరీక్షలో 339 మంది ఉన్నారు. 14 వారాల తర్వాత నొప్పి కనీసం 30 శాతం తగ్గినవారు మందు వాడిన వర్గంలో 50 శాతం, మందు లేని ఉత్తి స్ప్రే వాడిన వర్గంలో 45 శాతం. తేడా లెక్కలోకి రాలేదు. బ్రిటన్‌లో 2010లో అనుమతి వచ్చింది కండరాల బిగుతుకే, నొప్పికి కాదు. జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసిన 2022 కోక్రేన్ సమీక్ష కూడా బిగుతుకు ఉపయోగం ఉందనే చెప్పింది. నరాల నొప్పి విషయంలో ఆధారం చాలా బలహీనం.

సైనిక్‌పురి వాణి:
ఉత్తి స్ప్రేతోనే తగ్గిందంటే మా నొప్పి మనసులో ఉందనా? ఎంఆర్ఐ తీయకముందు ఒక పెద్ద డాక్టర్ నాకు చెప్పిన మాట, "పెళ్లి చేసుకో తల్లీ, అన్నీ సర్దుకుంటాయి." తిమ్మిర్లు నడుము దాకా పాకాక గానీ నా మాట ఎవరూ వినలేదు.

మందుల షాపు మూర్తి:
అమ్మా, నేను మాట్లాడింది మందు గురించి. మీ నొప్పి అబద్ధమని ఎక్కడా అనలేదు.

తార్నాక నుంచి:
ఆయుర్వేద వైద్యుడు రాసిస్తే విజయ తైలం, అంటే గంజాయి ఆకుతో చేసిన నూనె, దొరుకుతుంది. నేను వాడుతున్నాను, నిద్ర పడుతోంది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో ఒట్టి ఆకు గంజాయి కింద రాదు.

మందుల షాపు మూర్తి:
చట్టం సంగతి నిజమే. గంజాయి మొక్క పూత నేరం కిందికి వస్తుంది, పూత లేని ఆకు రాదు. అదే చట్టం 8వ సెక్షన్ వైద్య అవసరాలకూ దారి ఉంచింది. కానీ మీ సీసా మీద టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉందా?

తార్నాక నుంచి:
వైద్యుడు చుక్కల లెక్క చెప్పాడు.

మందుల షాపు మూర్తి:
చుక్కలో ఎంత ఉందో తెలియకుండా చుక్కలు లెక్కపెట్టి లాభం ఏమిటి? ప్రీగాబలిన్‌తో ఇప్పటికే మత్తు ఉంటుంది. దాని మీద ఇది కలిస్తే అడుగు తడబడుతుంది. ఎం.ఎస్. ఉన్నవారిలో చాలామందికి జ్ఞాపకశక్తీ, నడకలో నిలకడా ముందే తగ్గి ఉంటాయి.

మల్కాజిగిరి రాఘవ:
అదే నేనూ అడుగుతున్నాను. వాణిగారూ, కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో పడిపోతే మిమ్మల్ని లేపేది ఎవరు? ఇంట్లోవాళ్లను అడిగారా?

సైనిక్‌పురి వాణి:
నన్ను ఎవరు లేపుతారో మీకెందుకు? నొప్పితో తెల్లవార్లూ కూర్చున్నప్పుడు ఎవరున్నారని ఒక్కరైనా అడిగారా? భారమైపోతానన్న భయం నాకు మీరు నేర్పనక్కరలేదు!

ఉప్పల్ పాఠకుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

మల్కాజిగిరి రాఘవ:
నేనెందుకు నెమ్మదించాలి? రాత్రుళ్లు తలుపుకు అడ్డంగా పడుకుని మా తమ్ముణ్ని కాపలా కాశాను. "నా బాధ నాకే తెలుసు, నాకు ఎంత కావాలో నాకే తెలుసు" అనేవాడు. అదే మాట మళ్లీ వింటుంటే నాకు వణుకు వస్తోంది.

సైనిక్‌పురి వాణి:
ఇప్పుడు అర్థమైంది. మీ అభ్యంతరం స్ప్రే మీద కాదు, బాధపడే మనిషి మాటను నమ్మవచ్చా అన్నదాని మీద. నా నోటి మాట ఒక్కటే నమ్మమని నేనూ అనడం లేదు. బ్రిటన్ మార్గదర్శకాలు 2019లో బిగుతుకు ఒక పద్ధతి పెట్టాయి. మిగతా మందులు పనిచేయకపోతే నాలుగు వారాలు ఇచ్చి చూస్తారు. కనీసం 20 శాతం తగ్గితేనే కొనసాగిస్తారు, లేకపోతే ఆపేస్తారు. నొప్పికీ డాక్టర్ కళ్లముందు అలాంటి పరీక్ష ఒకటి జరగనివ్వండి అంటున్నాను.

మందుల షాపు మూర్తి:
అవే మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి టీహెచ్‌సీ ఇవ్వవద్దన్నాయి. అది కూడా చెప్పాలి. అయితే మీకు బిగుతు కూడా ఉంది కదా. బాక్లోఫెన్ సరిపోవడం లేదని రాయించుకుని ఆ దారిలో అడగండి, మీ వాదన నిలబడుతుంది.

మల్కాజిగిరి రాఘవ:
ఆపేయమని చెప్పే హక్కు ఇంట్లోవాళ్లకు ఇస్తారా?

సైనిక్‌పురి వాణి:
వాళ్లు చూసింది డైరీలో రాయనిస్తాను. డాక్టర్ అది చదవాలి. ఆపమనే హక్కు మాత్రం డాక్టర్‌కూ నాకూ తప్ప ఇంకెవరికీ ఇవ్వను.

మల్కాజిగిరి రాఘవ:
అయితే నేను ఒప్పుకోను. మా ఇంట్లో ఆ డాక్టర్ రాత్రి రెండు గంటలకు లేడు, నేనున్నాను.