అప్‌డేట్: నాన్న సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్ మళ్లీ తిరుగుతోంది

తిరుపతిలో నాన్న కొట్టు లెక్కలున్న పాత 20 ఎంబీ డ్రైవ్ కరెంటిస్తే మూలుగుతోందే తప్ప తిరగట్లేదని అడిగాను కదా. హెడ్లు (డేటా చదివే, రాసే భాగాలు) లోపల తిరిగే పళ్లేలకు అతుక్కున్నాయని మీరన్నదే నిజం. డ్రైవ్ మూత తెరవకుండా, దాన్ని కంప్యూటర్‌లోంచి బయటికి తీసి, కరెంటిచ్చిన వెంటనే డ్రైవ్‌ను పడుకోబెట్టినట్టే పట్టుకుని చటుక్కున అటూ ఇటూ తిప్పాను. ఒక్కసారిగా అందుకుంది! ఆ శబ్దం వింటే ప్రాణం లేచొచ్చింది.

ముందు లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించేశాను. నాన్న 1989 నాటి అప్పుల పద్దు తెరిచి, ఎవరెవరు తీర్చారో పేరు పేరునా చెప్పారు. డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే కంట్రోలర్ కార్డు మాత్రం మార్చలేదు. వేరే కార్డయితే పాత కార్డు రాసిన ఫార్మాట్‌ను చదవకపోవచ్చు.

తర్వాత కీచుమని మోత. అడుగున స్పిండిల్ (పళ్లేలను తిప్పే ఇరుసు) కొసకు రాసుకునే గ్రౌండింగ్ రేకుది అది; స్థిర విద్యుత్తును బయటికి పంపే రేకు. కాస్త సర్దితే ఆగింది. ఈ మోడల్ హెడ్లను తనంతట తాను పార్క్ చేసుకోదు (ఆగేముందు భద్రమైన చోటికి జరుపుకోదు) కాబట్టి, ఆపేముందు పార్క్ ప్రోగ్రాం తప్పకుండా నడుపుతున్నాను. అందరికీ చాలా థాంక్స్.