సబ్‌మెరైన్‌లో బాంబర్ విమానం ఎలా పట్టింది?

మిర్యాలగూడ నుంచి:
దసరా సెలవుల్లో పిల్లల్ని వైజాగ్ తీసుకెళ్లి కురుసుర సబ్‌మెరైన్ చూపించాను. లోపల ఆ గుండ్రటి తలుపుల దగ్గర నడుం వంచి, ముందు ఒక కాలు లోపల పెట్టి దూరాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక మా పెద్దోడు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు సబ్‌మెరైన్‌లో బాంబర్ విమానాలు పెట్టుకుని తిరిగారట నాన్నా అంటున్నాడు. మనిషే ఇరుక్కునే చోట విమానమా? తెలిసినవాళ్లు చెప్పండి, వాడు అట్టముక్కలతో మోడల్ చేస్తానని కూర్చున్నాడు.

నల్గొండ నుంచి:
నిజమే అన్నా, ఐచి కంపెనీ చేసిన సెయిరాన్ అది. కురుసుర 91 మీటర్లయితే, దాన్ని మోసిన ఐ-400 పొడవు 122 మీటర్లు. డెక్ మీద నీళ్లు చొరని పెద్ద గొట్టం, వ్యాసం సుమారు 3.5 మీటర్లు, అందులో మూడు విమానాలు వరసగా ఉండేవి. రెక్కలేమో ఈ కొస నుంచి ఆ కొసకు 12 మీటర్ల పైనే. బాబుకి ఇలా చూపించండి: రెండు చేతులూ పక్కలకు చాపి, అరచేతుల్ని నిలువుగా తిప్పి, అలాగే వెనక్కి తెచ్చి ఒంటికి ఆనించాలి. సెయిరాన్ రెక్కలు సరిగ్గా అట్లనే మడతపడేవి. తోక కొసలు కూడా మడిచేవాళ్లు, నీళ్ల మీద దిగడానికి కింద బిగించే ఫ్లోట్లు విడిగా పెట్టేవాళ్లు. రాత్రిపూట బిగించడానికి వీలుగా ముఖ్యమైన చోట్ల చీకట్లో మెరిసే పెయింట్ వేశారు. నాకు బాగా నచ్చింది ఇంజిన్ సంగతి. చలికాలం పొద్దున ట్రాక్టర్ ఎంత సతాయిస్తదో మీకు తెలుసు కదా, వీళ్లు నీళ్లలో ఉండగానే వేడి చేసిన ఆయిల్, నీళ్లు ఇంజిన్‌లోకి పంపేవాళ్లు, పైకి తేలగానే ఆలస్యం లేకుండా స్టార్ట్ కావాలని.

అలంపూర్ నుంచి:
బాంబులు ఎక్కడ వేద్దామనుకున్నారో కూడా చెప్పాలి. పనామా కాలువలో గాటున్ లాకుల గేట్ల మీద. గాటున్ సరస్సు సముద్రం కన్నా 26 మీటర్లు ఎత్తులో ఉంటుంది, గేట్లు పోతే నీళ్లన్నీ సముద్రం పాలు, మళ్లీ సరస్సు నిండేదాకా ఓడలు కదలవు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయిందని విన్నప్పుడు మా దగ్గర రైతులు ఎంత టెన్షన్ పడ్డారో చూశాను కాబట్టి, ఆ ప్లాన్ చదివితే నాకు ఒళ్లు జలదరించింది. చివరికి దాన్ని వదిలేసి పసిఫిక్ సముద్రంలో ఉలిథి అనే దీవుల దగ్గరున్న అమెరికా ఓడల మీదికి బయల్దేరారు. దారిలో ఉండగానే 1945 ఆగస్టు 15న లొంగిపోతున్నట్టు ప్రకటన వచ్చింది, విమానాలు శత్రువుకు దొరక్కూడదని సముద్రంలోకి తోసేశారు.

మిర్యాలగూడ నుంచి:
ఒక్కటి కూడా మిగల్లేదా అన్నా?

నల్గొండ నుంచి:
మొత్తం 28 చేస్తే ఒక్కటే మిగిలింది. అమెరికాలోని స్మిత్సోనియన్ వాళ్లు ఏళ్ల తరబడి బాగుచేసి 2000లో పూర్తి చేశారు, వర్జీనియాలోని మ్యూజియంలో ఉంది. బాబుని ముందు గొట్టం చేసుకోమనండి, దాన్ని బట్టి విమానం కొలత పెట్టుకుంటే రెక్కల మడత కుదురుతుంది.