మూడు కంప్యూటర్లకు ఒకే హార్డ్ డిస్క్‌లో బ్యాకప్ ఎలా అమర్చుకోవాలి?

నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లె. నేను జీఎస్టీ లెక్కలు చూసుకునే విండోస్ 11 డెస్క్‌టాప్, మా అమ్మాయి చదువుకు వాడే విండోస్ ల్యాప్‌టాప్, మా అబ్బాయి మ్యాక్‌బుక్, ఈ మూడింటికీ కలిపి 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాను. మొన్న ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం పాత డిస్కు చెడిపోయి, అందులోని పెళ్లి ఫోటోలన్నీ పోయాయి. ఆ దెబ్బతోనే ఈ జాగ్రత్త.

చిక్కు ఎక్కడంటే, డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ (డిస్కులో ఫైళ్లను అమర్చే విండోస్ పద్ధతి)లో ఉన్నందున మ్యాక్ దాన్ని చదువుతుందే తప్ప అందులో రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతికి మారిస్తే రెండు వైపులా రాయవచ్చు గానీ, మ్యాక్‌లోని బ్యాకప్ సాధనమైన టైమ్ మెషీన్ ఆ పద్ధతిని అంగీకరించదు. అందువల్ల డిస్కును రెండు భాగాలు చేసి, 1.5 టీబీ ఏపీఎఫ్ఎస్ (మ్యాక్ సొంత పద్ధతి)గా మ్యాక్‌కు, మిగిలినది ఎన్‌టీఎఫ్ఎస్‌గా విండోస్ యంత్రాలకు కేటాయించాలనుకుంటున్నాను. టైమ్ మెషీన్ తన భాగం నిండాక పాత బ్యాకప్‌లను తానే తొలగిస్తుంది కాబట్టి అక్కడ నాకు బెంగ లేదు.

నా సందేహమల్లా విండోస్ వైపే. విండోస్‌లోని బ్యాకప్ సౌకర్యమైన ఫైల్ హిస్టరీని రెండు కంప్యూటర్లలోనూ ఆన్ చేసి, డిస్కును వారానికోసారి మార్చి మార్చి తగిలిస్తే సరిపోతుందా, లేక రౌటర్ యూఎస్‌బీకి ఎప్పుడూ తగిలించి ఉంచడం మేలా? ఎప్పుడూ తగిలి ఉన్న డిస్కును వైరస్ కూడా పట్టుకోగలదు కదా అని వెనకాడుతున్నాను. ఇలా వాడుతున్నవారు తమ అనుభవం చెప్పగలరు.