వివరింపదగునా, విచారింపదగునా?

లీడ్స్‌వాసి:
ఇల్లు సర్దుతుంటే 2020 నాటి డైరీ దొరికింది. డిసెంబరు 19, శనివారం పేజీలో సుమతీ శతకంలోని ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం నుంచి ఒక్క పాదమే ఉంది: ‘వినినంతనె వేగపడక విచారింపదగున్’. ‘విచా’ మీద నేనే గీత కొట్టాను. పైన మాత్రం ఏమీ రాయలేదు. ఆ సాయంత్రమే లండన్‌కూ ఆగ్నేయ ఇంగ్లండ్‌కూ ప్రాంతాలవారీ కరోనా ఆంక్షల్లో కొత్తగా నాలుగో అంచె (టియర్) ప్రకటించారు, అర్ధరాత్రి నుంచే అమలన్నారు. మూడు కుటుంబాలు అయిదు రోజులపాటు కలుసుకోవచ్చన్న క్రిస్మస్ వెసులుబాటు అక్కడ పూర్తిగా పోయింది, మాకు ఒక్క రోజు మిగిలింది. మా చెల్లెలు లండన్‌లో పెట్టె సర్దుకొని కూర్చుంది. ఆ పూట పద్యం ఎందుకు గుర్తొచ్చిందో తెలుసు, ఆ మాటేమిటో మాత్రం ఇప్పటికీ తేలలేదు. మీ పాఠం ఏమిటి?

ఛందోపిపాసి:
‘వివరింపదగున్’. ఇందులో చర్చకు చోటే లేదు. ‘విచారిం’ అంటే ల-గు-గు, యగణం. కందంలో యగణం ఎక్కడిది? రెండు మాటలూ ‘వి’తోనే మొదలవుతాయి కాబట్టి యతి పట్టించదు, గణం పట్టిస్తుంది. మీ చెయ్యి గీత కొట్టిందంటే చెవి సరిగ్గానే పనిచేసింది.

నిఘంటువుపురుగు:
గణం సరే, అర్థం? ఈనాటి తెలుగులో వివరించేవాడు చెప్పేవాడు, వినేవాడు కాదు. పద్యంలో వినేవాడే వివరించాలి. అంటే మంచిచెడ్డలు విడదీసి చూసుకోవాలి. మూలంలో ‘వివరణ’ అంటే మూత తీయడం. ‘వివరం’ అంటే సంస్కృతంలో కన్నం కూడా. ఇది మరిచిపోవద్దు.

లీడ్స్‌వాసి:
కన్నం అన్న అర్థం ఆ ఏడాదికి అతికినట్టు సరిపోతుంది. డిసెంబరు 2 నుంచి రెండో అంచెలో పబ్బుకు వెళ్తే ‘గట్టి భోజనం’తో పాటే మద్యం పోయాలన్నారు. గట్టి భోజనం అంటే ఏమిటి? ఉడికించిన గుడ్డుకు మాంసపు ముద్ద పట్టించి వేయించే స్కాచ్ ఎగ్ చాలునని ఒక మంత్రి. మర్నాడు ఇంకో మంత్రి, అది ముందు తినేదే తప్ప భోజనం కాదని. అదే రోజు మళ్లీ ఆయనే, భోజనమేనని! ఒక్కొక్క వివరణా ఒక్కొక్క కన్నం.

తాతగారిమనవరాలు:
మనకైతే ఫలహారం, భోజనం అని రెండు మాటలున్నాయి కాబట్టి ఈ బాధ లేదు. మా తాతగారు రాత్రి నాలుగు ఇడ్లీలు తిని ‘ఈ పూట భోజనం మానేశాను’ అనేవారు. ఆయన్ని ఆ మంత్రివర్గంలో వేసి ఉంటే ఒక్క పూటలో తేల్చేసేవారు.

నిఘంటువుపురుగు:
అసలు ‘అంచె’ అన్న మాటే నాకు నచ్చలేదు. అంచె అంటే ప్రయాణంలో మజిలీ, గుర్రాలు మార్చుకునే చోటు. అందుకే అంచెలంచెలుగా వెళ్తాం. మెట్టు అనో దొంతర అనో అనవచ్చు కదా?

లీడ్స్‌వాసి:
మూడంచెల పంచాయతీ వ్యవస్థ అని ఇన్నేళ్లుగా పత్రికలు రాస్తుంటే లేని అభ్యంతరం ఇప్పుడెందుకండీ? పైగా అది నిజంగా మజిలీయే. ఎవరూ ఒక అంచెలో నిలిచింది లేదు. మాది వార్ఫ్ నదికి దక్షిణపు ఒడ్డు, మూడో అంచె. వంతెన దాటితే నార్త్ యార్క్‌షైర్, రెండో అంచె. అక్కడి పబ్బు కిటికీలో దీపాలు ఇటునుంచి కనిపించేవి. వంతెన దాటినా మన అంచె నియమాలు మన వెంటే వస్తాయన్నారు, పూర్వజన్మ కర్మలాగా. నెలాఖరుకు ఆ ఒడ్డూ మూడో అంచెలోకి వచ్చింది, దీపాలు ఆరిపోయాయి.

ఛందోపిపాసి:
పేర్లు చూశారా? అక్టోబరు 14న మొదలైనప్పుడు మొదటి అంచె పేరు ‘మధ్యమం’, రెండోది ‘అధికం’, మూడోది ‘అత్యధికం’. అన్నిటికన్నా కింది మెట్టు మధ్యమం! దేనికీ దేనికీ మధ్య? ఉత్తమ మధ్యమ అధమాలు చదువుకున్నవాడెవడూ ఇలా పేరు పెట్టడు. డిసెంబరు మొదట్లో ఆ మొదటి అంచెలో మిగిలింది కార్న్‌వాల్, వైట్ దీవి, సిల్లీ దీవులు. అంతే.

రాజనీతి:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. అందరూ ఒక మూలవిషయం వదిలేశారు. బద్దెన రాజవంశీకుడు, ‘నీతిశాస్త్రముక్తావళి’ రాసినవాడు. ఆయన ‘ఎవ్వరు చెప్పిన’ అన్నది ఊళ్లో వాళ్ల మాట గురించి కాదు, వేగులవాళ్లూ మంత్రులూ చెప్పే మాట గురించి. ఈ పద్యం పాలకుడికి. విన్న వెంటనే ఆజ్ఞ జారీ చేయకు, ముందు వివరించుకో అని. పదహారో తేదీన పండుగ వెసులుబాటు రద్దు చేయడం అమానుషం అని, పంతొమ్మిదో తేదీన రద్దు చేసిన అప్పటి ప్రధాని చదవవలసిన పద్యం ఇది.

నిఘంటువుపురుగు:
శతకం బద్దెనదేనని ముందు తేల్చండి, తరువాత రాజును చేద్దురుగాని. కర్తృత్వమే వివాదంలో ఉన్న పద్యం మీద ఇంత మేడ కట్టారు!

రాజనీతి:
మేడకు పునాది శైలి. మిగతా పద్యాలు చూడండి, ‘ఏరకుమీ కసుగాయలు’ ఎవరికి చెప్పాడు?

ఛందోపిపాసి:
చెట్టెక్కే పిల్లలకు.

లీడ్స్‌వాసి:
ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు రోజుల్లో కొత్త రకం వైరస్ వేగంగా పాకుతోందన్న సమాచారం వచ్చింది. మార్చడం తప్పని నేను అనడం లేదు. పండుగ చేసుకోమని అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది. మా చెల్లెలు పెట్టె విప్పుతూ ఫోనులో అన్నది ఒకటే: ‘ముందే వద్దంటే టికెట్టు కొనేదాన్నే కాదు కదా అన్నయ్యా.’

తాతగారిమనవరాలు:
అందరూ రెండో పాదం దగ్గరే ఆగారు, మూడోది చూడండి. ‘కనికల్ల నిజము దెలిసిన’. చిన్నప్పుడు ‘కనికల్ల’ ఒకే మాట అనుకున్నాను, కనికట్టులాగా ఏదో మాయ అని. అది ‘కని, కల్ల నిజము’ అని పెద్దయ్యాక తెలిసింది. ముందు చూడాలి, తరువాత తెలుసుకోవాలి. 2020 మే 10న ఇంగ్లండులో ‘ఇంట్లో ఉండండి’ తీసేసి ‘అప్రమత్తంగా ఉండండి’ అన్నారు కదా. కంటికి కనిపించని దాని పట్ల అప్రమత్తత ఎలాగని జనం విసుక్కున్నది ఇందుకే. కని అన్నదే కుదరదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ పాత మాటే ఉంచుకున్నాయి.

నిఘంటువుపురుగు:
‘కని’కి ఇక్కడ కన్నుతో పని లేదు. కనుగొను అన్న అర్థం. కనిపించనిదాన్ని కూడా కనుగొనవచ్చు.

తాతగారిమనవరాలు:
నా కనికట్టే బాగుంది.

లీడ్స్‌వాసి:
నేను అడిగింది వివరించు గురించి. అది చెప్పేవాడి పనా, వినేవాడి పనా?

ఛందోపిపాసి:
గణం ప్రకారం ఇద్దరిదీ కావచ్చు.

రాజనీతి:
రాజుది.

నిఘంటువుపురుగు:
వినేవాడిదే. మూడుసార్లు చెప్పాను.

తాతగారిమనవరాలు:
అది పక్కన పెట్టండి. నాలుగో పాదంలో ‘మనుజుడె పో నీతిపరుడు’ ఉంది కదా, మా పిల్లవాడు ఇప్పుడే అడిగాడు: ‘అంత మంచివాడైతే పో అని ఎందుకు తరిమేస్తున్నారు?’ ఆ ‘పో’ ఎక్కడిది? ‘సుమా’ లాంటిదేనా, వేరా?

ఛందోపిపాసి:
మంచి ప్రశ్న. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.