డీఎన్‌ఏ రిపోర్ట్ చెప్పిందని పుల్కాలు, పెరుగు మానేయాలా?

విజయవాడ కోడలు:
నమస్తే అండి. మా ఆయనకి 44 ఏళ్లు. ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది, అంటే షుగర్ జబ్బు అంచున ఉన్నట్టు. మందులు ఇప్పుడే వద్దు, తిండి చూసుకుని నడవండి, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారు డాక్టర్ గారు. అంతలో బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు, "అన్నయ్య ఒంటికి ఏది పడుతుందో జీన్సే చెప్తాయి" అంటూ ఒక కిట్ పంపించింది. ట్యూబులో గీత వరకు ఉమ్మి నింపాలి, నురగ లెక్కలోకి రాదు, అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నోరెండిపోయి ఆయన పడుతున్న అవస్థ చూడలేక మా చిన్నాడు నిమ్మకాయ తెచ్చి ఆయన ముందు కోసి పెట్టాడు.

రిపోర్ట్ నలభై పేజీల పీడీఎఫ్, పేజీకో మీటరు బొమ్మ, ఎరుపంటే పడదని. గ్లూటెన్ (గోధుమల్లో ఉండే ప్రోటీన్) ఎరుపు. పాలు ఎరుపు. ఈయనది 'కొవ్వు తగ్గించాల్సిన రకం' అట. కాఫీ నెమ్మదిగా అరుగుతుందట. ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జీన్ తేడాగా ఉంది కాబట్టి వాళ్ల దగ్గర దొరికే ఫోలేట్ (ఒక బీ విటమిన్) మాత్రలే వాడాలట, నెలకి 2,400 రూపాయలు.

దాంతో రాత్రిపూట పుల్కాలు ఆగిపోయి మళ్లీ అన్నం మొదలైంది. మా అత్తగారి సంబరం చూడాలి, "గోధుమలు మనకి సరిపడవని నేనెప్పుడో చెప్పా" అని. పెరుగు లేకపోతే మాత్రం ఆయనకి భోంచేసినట్టే ఉండదు, మొహం వేలాడేసుకుని లేస్తున్నారు. ఇదంతా నమ్మొచ్చా?

గోదారి గట్టు:
డబ్బులు పోయాయి, వదిలేయండి మేడమ్. మా తాత రెండు పూటలా గిన్నెడన్నం, గడ్డపెరుగు తిని 88 ఏళ్లు బతికాడు. ఏ జీన్ టెస్టూ చేయించుకోలేదు.

తార్నాక డైటీషియన్ (రిటైర్డ్):
గోదారి గట్టు గారూ, మీ తాతగారు అన్నం తిని పొలంలో దిగి ఉంటారు. ఈవిడ భర్త అన్నం తిని కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఆ లెక్క ఇక్కడ చెల్లదు.

అమ్మా, ముందు గోధుమల సంగతి. ఆ ఎరుపు మీటరు వెనక సాధారణంగా ఉండేవి హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జీన్ రకాలు. గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఇవి ఉంటాయి, నిజమే. కానీ ఏ జబ్బూ లేని జనంలో కూడా చాలా దేశాల్లో నూటికి ముప్ఫై మందికి అటూ ఇటూగా ఉంటాయి, వాళ్లలో సీలియాక్ వచ్చేది ఏ కొద్దిమందికో. అవి లేవని తేలితే సీలియాక్ కాదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. ఉన్నాయంటే మాత్రం ఏమీ తేలనట్టే. మీ ఆయనకి విరేచనాలు, ఉబ్బరం, కారణం తెలియని రక్తహీనత లాంటివి ఉంటే టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించండి. అదీ గోధుమలు తింటూ ఉండగానే. మానేశాక చేయిస్తే జబ్బున్నా నెగటివ్ రావచ్చు. నేను పనిచేసిన చోట ఇలా ముందే మానేసి వచ్చినవాళ్లకి మళ్లీ వారాల తరబడి చపాతీలు తినిపించి పరీక్ష చేయించడం పెద్ద తలనొప్పి.

పాల విషయంలో ఆ రిపోర్ట్ తప్పేమీ చెప్పలేదు. పెద్దయ్యాక లాక్టోజ్‌ని, అంటే పాలలో ఉండే చక్కెరని, అరిగించుకునే శక్తి తగ్గిపోవడం మన దక్షిణాదిలో మామూలే. అయినా అలాంటివాళ్లలో చాలామంది ఒక గ్లాసు పాలు ఇబ్బంది లేకుండా తాగేస్తారు. పెరుగులో లాక్టోజ్‌ని బ్యాక్టీరియా కొంత ముందే తినేస్తుంది, మిగిలింది అరగడానికీ సాయపడుతుంది. నలభై నాలుగేళ్లుగా పెరుగన్నం తింటున్న మనిషికి కడుపులో ఏ గొడవా లేకపోతే, మీటరు ఎరుపని పెరుగు లాక్కోవడం అన్యాయం అమ్మా. పెట్టండి.

'కొవ్వు తగ్గించాల్సిన రకం' అన్నదాన్ని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు నేరుగానే పరీక్షించారు. 609 మందిని ఏడాదిపాటు, కొందరిని కొవ్వు తక్కువ తిండి మీద, కొందరిని పిండిపదార్థాలు తక్కువ తిండి మీద ఉంచారు. 2018లో ఫలితాలు వచ్చాయి. రెండు వైపులా బరువు ఇంచుమించు ఒకేలా తగ్గింది, ఐదారు కిలోలు. జీన్‌కి తగ్గ తిండి దొరికినవాళ్లు ఎక్కువేమీ తగ్గలేదు. షుగర్ రిస్క్ పెంచే టీసీఎఫ్7ఎల్2 జీన్ కథ కూడా అంతే. అమెరికాలో జరిగిన పెద్ద మధుమేహ నివారణ అధ్యయనంలో ఆ రకం ఉన్నవాళ్లకి కూడా బరువు తగ్గడం, నడక పనిచేశాయి. జీన్ తెలిసినా తెలియకపోయినా మీ డాక్టర్ గారు చెప్పేది అదే.

మాత్రలు కొనకండి. ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ తేడా ఉన్నవాళ్ల శరీరం మామూలు ఫోలిక్ యాసిడ్‌ని కూడా వాడుకోగలదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే చెప్తోంది. మీరు శాకాహారులైతే బీ12 ఒకసారి చూపించుకోండి, మనవాళ్లలో చాలామందికి తక్కువుండేది అది.

ఒక ప్రశ్న. కిట్‌తో పాటు అలవాట్ల గురించి ఫారం నింపించారా? 2006లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఒక పని చేసింది. 9 నెలల పాప డీఎన్‌ఏ, 48 ఏళ్ల మగమనిషి డీఎన్‌ఏ తీసుకుని, 14 మంది లేని మనుషుల పేర్లతో కంపెనీలకి పంపింది. సలహాలు జీన్లని బట్టి కాదు, ఫారంలో రాసినదాన్ని బట్టి వచ్చాయి. సిగరెట్ తాగుతానని రాస్తే మానేయమన్నారు. ఏడాదికి 1,200 డాలర్ల మాత్రలు అంటగట్టబోయారు, అవే విటమిన్లు కిరాణా కొట్లో 35 డాలర్లకి దొరికేవి.

వరంగల్ అమ్మ:
డైటీషియన్ గారి మాటకి ఒక్కటి కలుపుతాను. జీన్‌ని బట్టి తిండి పెట్టడం అంతా బూటకమని ఎవరూ అనుకోవద్దు. మా పాపకి పీకేయూ, అంటే ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జీన్ జబ్బు. పుట్టగానే మడమ మీద పొడిచి తీసిన రక్తపు చుక్కతో బయటపడింది. ప్రోటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్ తన ఒంట్లో విరగదు, పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. అందుకని పప్పు, గుడ్డు, పాలు లేవు, అన్నం కూడా తూకం వేసే. సగ్గుబియ్యంలో ప్రోటీన్ లేనట్టే కాబట్టి ఉప్మా, వడియాలు, పాయసం అన్నీ దాంతోనే, పాయసంలో పాలు ఉండవంతే. మిగతా పోషణకి ప్రత్యేకమైన ఫార్ములా. డైట్ కూల్‌డ్రింక్ మీద చిన్న అక్షరాల్లో ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్లకి కాదని రాసుంటుంది చూడండి, అది మా పాపలాంటి వాళ్ల కోసం. పెళ్లి భోజనాల్లో "కొంచెం పప్పన్నం పెడితే ఏమవుతుంది" అనేవాళ్లతో రోజూ పోట్లాటే. మాకు ఇది మీటరు కాదండి, రెండు వారాలకోసారి రక్తంలో కొలిచే అంకె.

విజయవాడ కోడలు:
వరంగల్ అమ్మ గారూ, మీ పాపకి మా అందరి ఆశీస్సులు. డైటీషియన్ గారూ, ఫారం నింపించారండి, రెండు పేజీలు! కడుపులో ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి పెరుగు ఈ రాత్రికే పెట్టేస్తున్నా. మరి రాత్రి అన్నమా, పుల్కాలా? కాఫీ మాటేమిటి?

తార్నాక డైటీషియన్ (రిటైర్డ్):
అన్నమైనా పుల్కాలైనా ఎంత అన్నదే ముఖ్యం. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి, పావు వంతు పప్పో గుడ్డో, మిగతా పావే అన్నం. మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకరోజు అన్నం తిన్న రెండు గంటలకి, ఇంకోరోజు పుల్కాలు తిన్న రెండు గంటలకి చూడండి. ఆయన ఒంటి సంగతి ఆ అంకెలే చెప్తాయి, మీ అత్తగారికి కూడా చూపించొచ్చు. రాత్రి భోజనమయ్యాక పావుగంట నడిపించండి.

కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత తాగితే నిద్ర పట్టడం లేదా? అలాగైతే ఆపండి, దానికి ఉమ్మి పరీక్ష అక్కర్లేదు. చక్కెర ఎన్ని చెంచాలు వేస్తున్నారో రాయలేదేం?