అప్‌డేట్: వాల్వ్ మార్చాక ఆకుకూరలు మానేయాలా?

అమ్మకు గుండెలో మెకానికల్ మైట్రల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) వేశారు, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర వల్ల ఆకుకూరలు మానేయాలా అని అడిగాను కదా. మానక్కర్లేదట. వాటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది కాబట్టి ఒక వారం రోజూ పాలకూర, మరో వారం అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా తినమన్నారు డాక్టర్ గారు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు, మొన్న 2.8 వచ్చింది. వార్ఫరిన్ మాత్రం జీవితాంతం వేసుకోవాలి.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి మెడికల్ షాపతను అమ్మ మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వబోయాడు. వార్ఫరిన్ అనగానే షీటు వెనక్కి లాక్కున్నాడు! రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు ఎక్కువ. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరుకి చెప్పాల్సిందే.

వాల్వ్ నుంచి వచ్చే టిక్ టిక్ శబ్దం మామూలేనట. ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముక అతికేదాకా బరువులెత్తొద్దంటే మాత్రం వినదు, నిన్న గ్రైండర్ గిన్నె ఎత్తబోతుంటే కోప్పడ్డాను.