డిఫెన్సివ్ లైన్ కోచ్ ఉద్యోగం అన్నం పెడుతుందా? మేనల్లుడి కోసం అడుగుతున్నా

కొలంబస్_మామయ్య:
మా అక్క కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు. ఒక చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నాలుగేళ్ళు డిఫెన్సివ్ లైన్‌లో, అంటే అవతలి జట్టుని అడ్డుకునే ముందు వరుసలో, ఆడాడు. ఎన్.ఎఫ్.ఎల్. (ప్రొఫెషనల్ లీగ్) తన వల్ల కాదని వాడికీ తెలుసు. ఇప్పుడు కోచ్ అవుతాడట, అదీ డిఫెన్సివ్ లైన్‌కే. "నలుగురు పిల్లల చేత బస్తాలు తోయించడానికి డిగ్రీ ఎందుకు?" అని మా బావగారు. అక్కకి ఒకటే టెన్షన్. మధ్యలో నేను నలిగిపోతున్నా. దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

బకాయ్_శ్రీను:
కొలంబస్‌లో ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నారా సార్! డిఫెన్సివ్ లైన్ కోచ్ లారీ జాన్సన్ గారి సంగతి బావగారికి చెప్పండి. ఆయన చాలా ఏళ్ళు మేరీలాండ్, వర్జీనియా హైస్కూళ్ళలోనే కోచ్. కాలేజీ మెట్టెక్కింది నలభై దాటాక, 1996లో, పెన్ స్టేట్ యూనివర్సిటీలో. అక్కడే 2013 సీజన్ దాకా ఉన్నారు. ఆ తర్వాత 2014లో అప్పటి హెడ్ కోచ్ అర్బన్ మయర్ పిలిస్తే ఇక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వచ్చారు. జోయీ బోసా, వాడి తమ్ముడు నిక్, చేజ్ యంగ్ ముగ్గురూ ఆయన చేతి కిందే ఆడారు. 2016 డ్రాఫ్ట్‌లో (ఎన్.ఎఫ్.ఎల్. జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరుసగా ఎంచుకునేది) జోయీ మూడోవాడు, 2019లో నిక్ రెండోవాడు, 2020లో చేజ్ రెండోవాడు. చేజ్ 2019లో 16.5 శాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం) చేశాడు, అది ఒహాయో స్టేట్ రికార్డు. 2014, 2024 సీజన్ల జాతీయ టైటిళ్ళు రెండింటికీ ఆయన ఇక్కడే ఉన్నారు.

నాకు బాగా గుర్తుండేది మాత్రం 2020 డిసెంబర్ 5. మయర్ తర్వాత హెడ్ కోచ్ అయిన రయన్ డేకి కోవిడ్ వచ్చింది. మిషిగన్ స్టేట్ మీద ఆ ఒక్క మ్యాచ్‌కి జాన్సన్ గారే హెడ్ కోచ్. 52-12తో గెలిచారు. ఒహాయో స్టేట్ జట్టును మ్యాచ్‌లో నడిపిన మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. తర్వాతి మ్యాచ్‌కి మళ్ళీ తన డిఫెన్సివ్ లైన్ పిల్లల దగ్గరికే.

వీడియో_కుర్రాడు:
ఎం.ఎస్. చదివేటప్పుడు రెండేళ్ళు ఒక యూనివర్సిటీ జట్టు వీడియో విభాగంలో గంటల లెక్కన పనిచేశా. నిచ్చెన మీద నిలబడి ప్రాక్టీస్ షూట్ చేయడం నా పని. అందుకే అక్కడి డిఫెన్సివ్ లైన్ కోచ్‌ని పైనుంచి బాగా చూశా.

ఒక కర్ర, దాని చివర పాత బంతి. ఆయన ఆ కర్ర పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఎదురుగా పిల్లలు చెయ్యి నేలకానించి వంగి ఉంటారు. ఆయన "హట్! హట్!" అని అరుస్తాడు గానీ బంతి కదపడు. ఒకడు తొందరపడి ముందుకు దూకుతాడు. తిట్టు పడుతుంది. మళ్ళీ మొదలు. ఈసారి నోరు మెదపకుండా బంతి కదుపుతాడు, అప్పుడు లేవాలి. క్వార్టర్‌బ్యాక్ గొంతు నమ్మితే ఆఫ్‌సైడ్, అయిదు గజాలు గోవిందా. చెవులతో పని లేదు, కన్ను బంతి మీదే ఉండాలి. రోజూ పది నిమిషాలు ఇదే. నాకైతే విసుగొచ్చేది, ఆయనకు రాలేదు.

మీ వాడు చేరేది బహుశా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పీజీ చదువుతూ కోచ్‌లకి సాయం చేసేవాడిగా. కాలేజీవాళ్ళే ఫీజు కడతారు, చేతిలో కాస్త డబ్బు పెడతారు. పని మాత్రం తెల్లారకముందే మొదలు. అవతలి జట్టు ఆటలన్నీ అట్టల మీద బొమ్మలు గీయాలి, ఆ అట్టలు చూసే స్కౌట్ టీమ్ (ప్రాక్టీస్‌లో అవతలి జట్టులా ఆడే మనవాళ్ళే) ఆడుతుంది. ఆదివారం ఫిల్మ్ పెట్టి ప్రతి ఆటలో ప్రతి ఒక్కడికీ ప్లస్సా మైనస్సా అని మార్కు వేయాలి. మా దగ్గర ఒకతను సోఫాలోనే పడుకునేవాడు. వాసన గురించి అడగొద్దు.

గుంటూరు_కబడ్డీ:
అంటే మన కబడ్డీ కార్నర్ పనే కదా? వచ్చినవాడిని పట్టేయడం.

వీడియో_కుర్రాడు:
సగమే అన్నా. పట్టడం చివర్లో. ముందు ఎదుటి లావుపాటివాడు నీ ఛాతీ మీద వేసిన చేతులు వదిలించుకోవాలి. పోటీ అంతా ఎవడి చేతులు లోపల పడ్డాయన్నదే. కోచ్ అరుపుల్లో సగం "చేతులు లోపలికి" అనే ఉంటాయి.

బాటన్‌రూజ్_రమణ:
నాణేనికి రెండో వైపు మేం చూశాం. ఎడ్ ఓర్జెరాన్ కూడా డిఫెన్సివ్ లైన్ కోచే. మయామీ యూనివర్సిటీలో, తర్వాత ఎన్.ఎఫ్.ఎల్. స్టార్ అయిన వారెన్ శాప్ కాలపు మనిషి. 2005లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ)కి హెడ్ కోచ్ అయ్యాడు. మూడేళ్ళలో గెలిచినవి 10, ఓడినవి 25. తీసేశారు. 2013లో యూ.ఎస్.సి. (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో తాత్కాలికంగా 8 మ్యాచ్‌లు నడిపి 6 గెలిచాడు, అయినా ఉద్యోగం వేరేవాళ్ళకిచ్చారు. చివరికి మా ఎల్.ఎస్.యు. (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ)లో 2019 సీజన్‌లో పదిహేనుకి పదిహేనూ గెలిచి జాతీయ టైటిల్ కొట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళకే, 2021 సీజన్‌తో, అక్కడా ముగిసింది. ఈ రంగంలో సొంత ఇల్లు కొనేముందు ఆలోచించమనండి.

లలిత_అట్లాంటా:
ఇల్లంటే గుర్తొచ్చింది. మా పక్కింట్లో ఒక లైన్ కోచ్ కుటుంబం ఉండేది. ఆయన పని బాగానే చేసినా హెడ్ కోచ్‌ని తీసేశారు. కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. డిసెంబర్‌లో, పిల్లల పరీక్షల మధ్యలో సామాన్లు కట్టారు. ఆ కోచ్ భార్య వంటింటి గిన్నెల పెట్టెల మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు రాస్తోంది. కొట్టేసినవి అప్పటికే నాలుగు. మీ అక్కయ్యగారిని భయపెట్టాలని కాదు, కాబోయే కోడలికి ముందే చెబితే మంచిది.

బకాయ్_శ్రీను:
అందుకే జాన్సన్ గారు అరుదు. పెన్ స్టేట్‌లో ఇద్దరు హెడ్ కోచ్‌ల దగ్గర, ఇక్కడ మయర్ దగ్గర, ఆయన తప్పుకున్నాక డే దగ్గర. పైవాడు మారినా ఈయన నిలిచాడు. ఒక మంచి వార్త: 2024 నుంచి పెద్ద కాలేజీల్లో సిబ్బందిలో ఎవరైనా మైదానంలో ఆట నేర్పొచ్చు. ముందు హెడ్ కోచ్ కాక పదిమందికే ఆ అవకాశం. బయటి ఊళ్ళకి వెళ్ళి పిల్లల్ని ఎంచే పని మాత్రం ఇంకా ఆ కొద్దిమందికే.

కొలంబస్_మామయ్య:
అందరికీ థాంక్స్. బావగారికి 16.5 శాక్‌ల సంగతి చెబితే "ఆ అర ఏమిటి?" అని అడిగారు. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం అని చెప్పా. మనిషి కాస్త మెత్తబడ్డారు. వాడికి ఇండియానాలో ఒక చిన్న కాలేజీ నుంచి పిలుపొచ్చింది, ఆగస్టు మొదట్లో చేరాలి. టెర్రె హాట్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గది కావాలి. మంచం మాత్రం గట్టిది ఉండాలి, వాడు 260 పౌన్లు.